పిచుక అడిగిన గుర్తు

పోయిన వారం మన పిచుకను ఎక్కడ వదిలేశామో మీరు మర్చిపోయి ఉండరు. మర్చిపోయినవాళ్లూ ఉంటారు, ఎవరి ఇంటి గొడవలు వాళ్లకుంటాయి కాబట్టి, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పళ్ల డాక్టరుగారి ఆసుపత్రి వెనకగదిలో కట్టుడుపళ్లు తయారుచేసే పిచుకకు, సముద్రం ఒడ్డున ఉన్న ఒక మిషను ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. అక్కడ కొత్తగా కట్టుడుపళ్ల పనిగది పెట్టాలి, కొందరు ఆడపిల్లలకు పని నేర్పాలి, ఆ గదికి ఆమే పెద్ద. వెళ్లాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. కానీ దేవుణ్ణి అడక్కుండా చెప్పుల జత కూడా కొనని మనిషి కదా, మోకరించి గుర్తు అడిగింది. ‘ప్రభువా, నేను ఇక్కడే ఉండిపోవడం నీ చిత్తమైతే, నన్ను ఎరగని మనిషి ఎవరైనా నా చేతులు పట్టుకుని నాకోసం ప్రార్థన చెయ్యాలి’ అని. ఆ మాట దేవుడు విన్నాడు, పక్కనే మోకరించిన అక్క విన్నది. మూడో మనిషికి తెలియదు.

సరిగ్గా ఆ ఆదివారమే, వాళ్ల సంఘానికి మొదటిసారి వచ్చిన ముసలి ప్రసంగీకుడు ఆరాధన చివర్లో, “చేతులతో పనిచేసే చెల్లెమ్మ ఒకరు ఇక్కడున్నారు, ముందుకు రావాలి” అని పిలిచాడు. పిచుక లేచి వెళ్లింది. ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఈ చేతులు ఉన్న చోటే స్థిరపడాలని ప్రార్థన చేశాడు. ఆమె ఇంటికి వచ్చి కడుపారా ఏడ్చి, కళ్లు తుడుచుకుని, రాలేనని ఆసుపత్రికి ఫోను చేసేసింది. పోయిన వారం చివర్లో నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఆమె పనిగది గుమ్మంలో నిలబడ్డది ఆ ప్రసంగీకుడే.

దేవుడే మళ్లీ ఏదో చెప్పి పంపాడనుకుని పిచుక చేతిలో పని పక్కన పెట్టి లేచింది. తీరా చూస్తే సంగతి అంత గొప్పదేం కాదు. ఆయన పై పళ్ల సెట్టు రెండు ముక్కలైంది. ముఖం కడుక్కుంటూ చేయి జార్చుకున్నాడట.

“రేపు పక్కఊళ్లో కూడికలున్నాయమ్మా,” అన్నాడు, పళ్ల ముక్కలు కాగితం విప్పి ఇస్తూ. “ఇలా బోసినోటితో నిలబడి నిత్యజీవం గురించి చెబితే ఎవరు నమ్ముతారు?”

పై పళ్లు లేని మనిషి మాట ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు రాస్తే అచ్చు కూర్చేవాళ్లు నన్ను తిడతారు. అందుకని ఆయన మాటలు సాఫీగానే రాస్తున్నాను, బోసితనం మీరే కలుపుకోండి.

ముఖానికి మాస్కు ఉండడం వల్ల ఆయన పిచుకను పోల్చుకోలేదు. ఆమె స్టూలు చూపించి కూర్చోమంది. ముక్కలు కడిగి, విరిగిన అంచులు ఒకదానికొకటి ఆనించి చూసింది. సరిగ్గా కుదిరాయి, ఏ చిన్న ముక్కా పోలేదు. కరిగిన మైనం చుక్కలతో వాటిని కలిపి నిలబెట్టి, లోపలి వైపు ప్లాస్టరు పోసింది. అది గట్టిపడేదాకా చెయ్యడానికేమీ ఉండదు. ఆ ఖాళీ సమయమే ఆమె కొంప ముంచింది.

మాస్కు కిందికి లాగి, “వందనాలు అయ్యగారూ. నన్ను గుర్తుపట్టారా? ఆ ఆదివారం నా చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు,” అంది.

ఆయన ముఖం వెలిగింది. “నువ్వా తల్లీ! ఎలా ఉన్నావు?”

“బాగున్నానండి. ఒక్కటి అడగాలని ఉంది. తప్పయితే క్షమించండి.” ఎన్నాళ్లుగానో మనసులో దాచుకున్న ప్రశ్న అది, కాబట్టి కాస్త తడబడుతూనే అడిగింది. “ఆ రోజు దేవుడు మీతో ఎలా మాట్లాడాడండీ? స్వరం వినబడిందా, మనసులో తట్టిందా? నేనెంత అడిగినా నాకు ఏమీ వినబడదు. ఎలా వినాలో తెలుసుకుందామని.”

ఆయన హాయిగా నవ్వాడు. “స్వరం వినబడకేం, మీ అక్కగారి స్వరమే వినబడింది!”

పిచుక కూడా నవ్వబోయింది. పెద్దవాళ్లు హాస్యమాడితే నవ్వాలి కదా. పెదవులు సాగాయి గానీ నవ్వు రాలేదు.

“అక్క ఏం చెప్పిందండీ?”

“ఆరాధనకు ముందు పాస్టరుగారింట్లో టీ తెచ్చి ఇచ్చింది. ఎంత మంచి మనిషమ్మా! నీ గురించి కళ్లనీళ్లు పెట్టుకుంది. మా చెల్లెలు చేతిపని చేసుకునే పిల్ల, ఎక్కడికో దూరం పోతానంటోంది, మనసు నిలకడగా లేదు, ఉన్నచోటే కుదురుకోవాలని ప్రార్థన చెయ్యండి అయ్యగారూ అంది. పేరు పెట్టి పిలవకండి, బిడియం ఎక్కువ అని కూడా చెప్పింది.” ఆయన గుర్తు చేసుకుంటూ తల ఊపాడు. “నేనైతే అలవాటు కొద్దీ తల మీద చెయ్యి పెట్టేవాణ్ణి. కాదు, చేతులే పట్టుకోవాలి అని మరీ మరీ చెప్పింది. చేతిపని చేసే పిల్ల కదా, సబబే అనుకున్నాను.”

చేతులే పట్టుకోవాలి. ఆ ఒక్క మాట దగ్గర పిచుకకు ఇంక అనుమానమన్నది మిగల్లేదు. అప్పటిదాకా మనసు ఏదో ఒక సందు వెతుక్కుంటూనే ఉంది. అక్క మామూలుగా ప్రార్థన చెయ్యమని ఉంటుంది, దేవుడే ఆయన చేత చేతులు పట్టించి ఉంటాడు అని. ఆ సందు కూడా మూసుకుపోయింది. పిచుక బల్ల అంచు పట్టుకుంది.

“ఏమైందమ్మా?”

పిచుక చెప్పింది. ఏ గుర్తు అడిగిందీ, ఎవరి పక్కన మోకరించి అడిగిందీ, ఆయన ప్రార్థన విని ఏం వదులుకుందీ, అన్నీ చెప్పింది. ఏడుస్తాననుకుంది గానీ ఏడుపు రాలేదు. ఎవరి గురించో చెబుతున్నట్టు గొంతు పొడిగా వచ్చింది.

ముసలాయన బోసినోరు తెరుచుకుపోయింది. “దేవుడు నాకు బయలుపరిచాడని నేను అనలేదమ్మా,” అన్నాడు. మళ్లీ తనకే ఆ మాట నచ్చనట్టు తల అడ్డంగా ఊపాడు. “అనలేదు గానీ, ఒకరు చెప్పారని కూడా అనలేదు. ఇక్కడొక చెల్లెమ్మ ఉంది అన్నాను. అలా అంటే జనం ఏమనుకుంటారో నాకు తెలియక కాదు. వేదిక ఎక్కినవాళ్లకు అదొక పాడు అలవాటు.”

పిచుక బల్ల వైపు తిరిగింది. ప్లాస్టరు గట్టిపడింది. విరిగిన గీత వెంట అంచులు అరగదీసింది. గులాబీ రంగు పొడి ద్రవంలో కలిపి ఆ చీలికలో నింపి, వేడినీళ్ల పాత్రలో పెట్టి మూత బిగించింది. బయటికి తీశాక చక్రం మీద మెరుగు పెట్టింది. లోపలి వైపు చిన్న గరుకు ఒకటి మిగిలింది. దాన్ని అలాగే వదిలేస్తే రేపు ప్రసంగం పొడుగునా ఆయన చిగుళ్లు గీరుకుంటూనే ఉంటాయి. వదిలేద్దామనే అనిపించింది కూడా. మనసులో కోపం ఉంటే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ చేతులకు అలవాటైన పని చేతులు చేసుకుపోయాయి, గరుకు పోయింది.

ఆయన పళ్లు పెట్టుకుని, రెండు మూడుసార్లు నమిలి చూసుకుని, చేతులు చాచాడు. “ఇంకోసారి ప్రార్థన చేయనివ్వు తల్లీ. ఈసారి ఎవరూ చెప్పకుండా.”

పిచుక తన చేతులు వెనక్కి పెట్టుకుంది. “వద్దండి.”

“సరే,” అన్నాడాయన, చాచిన చేతులు ఏం చెయ్యాలో తెలియక టోపీ తీసుకుని. “నాకూ ప్రతిసారీ వినబడదమ్మా. చాలాసార్లు అసలేమీ వినబడదు. అప్పుడు ఏది మంచో చూసుకుని నడుస్తాను, ఆయన వెంట ఉంటాడని నమ్ముకుంటాను. ఇది వేదిక మీద ఎప్పుడూ చెప్పలేదు.”

ఆయన వెళ్లిపోయాక పిచుక ఫోను తీసుకుని మిషను ఆసుపత్రికి చేసింది. అక్కడి పెద్ద నర్సమ్మ గొంతు గుర్తుపట్టి, “నువ్వా! మనసు మార్చుకున్నావా ఏంటి?” అంది. ఆ పని ఇంకా ఖాళీగానే ఉంది. కానీ ఇంకొకతను అడిగాడు, రేపు సాయంత్రం అతనికి మాట ఇచ్చేస్తారు. “ఆ లోపల నువ్వు వస్తానంటే నీదే. తర్వాత అడిగి నన్ను ఇబ్బంది పెట్టకు.” పిచుక వస్తాననే అనబోయింది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఏ పనికీ తనంతట తాను ఊఁ అన్న మనిషి కాదాయె. రేపు చెబుతానని ఫోను పెట్టేసింది.

ఇంటికి వెళ్లేసరికి అక్క ముందు గదిలో ఇస్త్రీ చేస్తోంది. చర్చి బల్ల మీద పరిచే తెల్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే వంతు ఆమెది. అసలు అది అందరి వంతూ, అక్క ఎవరినీ ముట్టనివ్వదు. బావ బస్సు డ్యూటీకి వెళ్లాడు. ఉన్నా పెద్ద తేడా ఉండదు. గోడ గడియారమైనా టిక్కుమంటుంది, బావ అదీ అనడు. మంచం పక్కన, ఎప్పటిలాగే, మోకాళ్ల కింద వేసుకునే రెండు దిళ్లు పక్కపక్కన పరిచి ఉన్నాయి.

“వచ్చావా పిచుకా? కాళ్లు కడుక్కుని రా. ప్రార్థన చేసుకుని అన్నం తిందాం.”

“నేను చెయ్యను.”

“తలనొప్పా?”

“ఆ రోజు ప్రసంగం చేసిన అయ్యగారు వచ్చారు. పళ్లు విరిగాయని.”

ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. “అయ్యో పాపం. ఇప్పుడు బాగైనట్టేనా?”

“చేతులే పట్టుకోమని మరీ మరీ చెప్పావంట కదా.”

అక్క ఇస్త్రీపెట్టె తీసి పక్కన నిలబెట్టింది. స్విచ్చి ఆపింది. బట్ట మడత సరిచేసింది. చెయ్యాల్సిన చిన్న చిన్న పనులన్నీ అయిపోయాక గానీ తలెత్తలేదు.

“ఇప్పుడేమైందని? నేనేమన్నా అబద్ధం చెప్పానా? నా చెల్లెలి కోసం ప్రార్థన చెయ్యమన్నాను. ప్రార్థన చెయ్యమనడం కూడా పాపమేనా?”

“నేను అడిగిన గుర్తు ఎత్తుకెళ్లి ఆయన నోట్లో పెట్టావు.”

“దేవుడు ఎవరో ఒకరి చేతే కదే పని చేయిస్తాడు! నా చేత చేయించాడనుకో. నాకు ఆ ఆలోచన పుట్టించింది మాత్రం ఎవరు?”

ఈ మాటతో పిచుకకు ఒళ్లు మండింది. అక్క మీద ఇంతవరకూ ఎప్పుడూ గొంతు లేపలేదు. అమ్మ పోయాక జడ వేసిందీ, బడికి పంపిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ ఈ అక్కే. పిచుకలా రెండు గింజలు తిని లేస్తావని ఆ పేరు పెట్టిందీ ఈమే. అందుకే నొప్పి ఇంత లోతుగా దిగింది. పరాయివాళ్లు మోసం చేస్తే తిట్టి ఊరుకోవచ్చు.

“అయితే నేను గుర్తడిగింది ఎవర్నక్కా? దేవుణ్ణా, నిన్నా?”

“మరి నాకు వినబడేలా ఎందుకడిగావే? మనసులో అడుక్కోకపోయావా?”

“నీ చెయ్యి పట్టుకుని అడిగితే ధైర్యంగా ఉంటుందని! చిన్నప్పట్నుంచీ నువ్వే కదా అలా నేర్పావు. ఇద్దరు కలిసి అడిగితే దేవుడు కాదనడని నువ్వే చెప్పావు. నేను కళ్లు మూసుకుని అడుగుతుంటే నువ్వు పక్కనే మోకరించి, దాన్నెలా తిప్పాలా అని ఆలోచిస్తున్నావు. కళ్లు మూసుకున్న మనిషిని మోసం చేశావు అక్కా.”

అక్క ముఖం ముడుచుకుపోయింది. స్టూలు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నువ్వెళ్లిపోతే నాకెవరున్నారే? మీ బావ సంగతి నీకు తెలీదా? పొద్దున్న లేచినప్పట్నుంచీ రాత్రి పడుకునేదాకా ఈ గోడల్తో మాట్లాడుకోవాలా? నువ్వు ఇంటికొచ్చే వేళ కోసం రోజంతా చూస్తుంటాను. నాకు భయమేసిందే. అంతే. భయమేసి చేశాను.”

అది నిజమేనని పిచుకకు తెలుసు. ఆ మాటకు మనసు కరగలేదంటే అబద్ధమే. ఎప్పటిలాగే వెళ్లి పక్కన కూర్చుని, ఊరుకో అక్కా అని వీపు నిమరాలని చెయ్యి ముందుకు కదిలింది కూడా. కానీ కదిలిన చెయ్యి చూసుకోగానే ఆదివారం నాటి ముసలి చేతులు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

“ఈ మాట ముందే చెప్పి ఉంటే ఆగిపోయేదాన్ని. నాకు భయంగా ఉందే, వెళ్లకే అని నువ్వు ఒక్కసారి అనుంటే చాలు, ఆ ఆసుపత్రి పేరు మళ్లీ ఎత్తేదాన్ని కాదు. నీ కోసం ఆగేదాన్ని. నువ్వు దేవుడి పేరు పెట్టి ఆపావు. ఇప్పుడు నేను మోకరిస్తే నాకు వినబడేది ఆయన మాటో నీ మాటో ఎలా తెలుస్తుంది?”

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు.

“రేపు సాయంత్రం లోపల చెప్పాలంట. వస్తానని చెబుతాను,” అంది పిచుక. చెప్పాక తనకే ఆశ్చర్యంగా అనిపించింది. ఫోనులో రాని మాట ఇక్కడ ఇంత తేలిగ్గా వచ్చేసింది.

అక్క తలెత్తింది. “గుర్తు లేకుండానే?”

“గుర్తు లేకుండానే.”

“దేవుణ్ణి అడక్కుండా?”

“అడుగుతాను. నాతో రమ్మని అడుగుతాను. వెళ్లనా వద్దా అని మాత్రం అడగను.”

ఏడుస్తున్న మనిషికి కోపం వస్తే ఏడుపు ఎక్కడికి పోతుందో తెలియదు. అక్క చివాల్న లేచి నిలబడింది. “అదిగో! అదే నీతో వచ్చిన చిక్కు. నీకు ఏదన్నా పట్టిందంటే కళ్లు కనబడవు. ఇంత చేసి పెట్టినందుకు నన్ను దొంగని చేసి నిలబెట్టావు. అప్పుడూ అంతే, నేను అడ్డం పడబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ డ్రాయింగు మాస్టారి వెంట...”

అక్క టక్కున ఆగింది. నాలుక కరుచుకుంది. ఇస్త్రీ చేసిన బట్ట తీసుకుని, మడత విప్పి, మళ్లీ మడత పెట్టసాగింది.

డ్రాయింగు మాస్టారి ఊసు ఆ ఇంట్లో ఎత్తి ఏళ్లు గడిచాయి. పిచుక పని నేర్చుకునే రోజుల్లో, ఆసుపత్రి ఉన్న సందు చివర బడిలో బొమ్మలు గీయడం నేర్పేవాడు. మెల్లగా మాట్లాడేవాడు, పెళ్లి చేసుకుంటావా అని నేరుగా అడిగాడు. చర్చి గడప తొక్కని మనిషి. అందుకని పిచుక అప్పుడూ మోకరించింది. అతను నాకోసమే అయితే, ఎవరూ పిలవకుండా, వచ్చే ఆదివారం తనంతట తాను ఆరాధనకు రావాలి అని గుర్తు అడిగింది. ఆ ఆదివారం పాటలు పాడలేదు, ప్రసంగం వినలేదు, తలుపు వైపు చూసి చూసి మెడ పట్టేసింది. అతను రాలేదు. దేవుడు కాదన్నాడనుకుంది. ఎదురుపడినా పలకరించలేదు. కొన్నాళ్లకు అతను వేరే ఊరి బడికి మారి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన సంబంధాలు ఏవీ పిచుక మనసుకు పట్టలేదు. దేవుడు వద్దన్నదాని గురించి ఏడవకూడదని తనకు తాను నచ్చజెప్పుకుని, పళ్లకు మెరుగు పెట్టుకుంటూ బతికింది.

ఆ గుర్తు కూడా అక్క చెయ్యి పట్టుకునే అడిగింది.

“అప్పుడు అడ్డం పడ్డావా? దేనికి అడ్డం పడ్డావు?” పిచుక ఒక అడుగు ముందుకు వేసింది. “అతనే రాలేదు కదక్కా.”

అక్క బట్ట మడత పెడుతూనే ఉంది.

“అక్కా. అతను రాలేదు కదా?”

అక్క ఆ తెల్లబట్టను గుండెకు హత్తుకుని, పిచుక ముఖంలోకి చూడలేక, కింద పరిచిన రెండు దిళ్ల వైపు చూస్తూ అంది.

“వచ్చాడే. గంట కొట్టక ముందే వచ్చాడు. గేటు దగ్గర నేనున్నాను.”